మిల్లు దగ్గు

నిన్న మధ్యాహ్నం పక్క వీధి ఆవిడ తన మనవరాలి ఓణీల ఫంక్షన్‌కి పిలవడానికి వచ్చింది. కుంకుమ భరిణె తెరిచి, నా గడ్డం పట్టుకుని బొట్టు పెడుతూ నా మొహం మీదే దగ్గింది. "దుమ్మండి, ఏం లేదు" అంది. "ఏం లేనిదాన్ని నా మొహం మీద ఎందుకు వదిలావు? భరిణె అరుగు మీద పెట్టు, నేనే పెట్టుకుంటాను" అన్నాను. మూతి ముడుచుకుని వెళ్ళిపోయింది. నేనంటే ఊళ్ళో చాలామందికి పడదు, ఇదో కొత్త కారణం. కానీ ఆ 'దుమ్మండి' అనే మాట అసలు నాది. స్వైన్ ఫ్లూ మొదటిసారి మన వైపు వచ్చిన ఏడాది దాన్ని నలభై గడపల దగ్గర అన్నాను.

అప్పుడు మేం మండపేటలో ఉండేవాళ్ళం. నేను బియ్యం మిల్లులో పనికి వెళ్ళేదాన్ని. మిల్లులో దగ్గని మనిషి లేడు. ఊక దుమ్ము గొంతులో దిగుతుంది, బెల్లం ముక్క బుగ్గన పెట్టుకుంటాం, మళ్ళీ దగ్గుతాం. గోడ అవతల దగ్గింది ఎవరో చూడకుండా చెప్పేవాళ్ళం. అందుకే ఆ వారం నా దగ్గు కాస్త గట్టిపడినా, ఒళ్ళు వేడెక్కినా, దుమ్మే అనుకున్నాను. పైగా ఇంట్లో పెద్ద హడావుడి. కోడలికి ఏడో నెల, ఆదివారం సీమంతం. నలభై దాటాక రాత్రి బడిలో నేర్చుకున్న అక్షరాలతో, పిలవాల్సిన ఇళ్ళ జాబితా మొదటిసారి నేనే రాశాను. మా ఆయన చూసి "చీమలు పాకినట్టుంది" అన్నారు. "చదవడం రానివాళ్ళకి చీమలే కనిపిస్తాయి" అన్నాను. రెండ్రోజులు ఆ కాగితం పట్టుకుని గడప గడపకీ వెళ్ళి, ఒక్కొక్కరి గడ్డం పట్టుకుని బొట్టు పెట్టి, అదే చేత్తో నోటికి కొంగు అడ్డం పెట్టుకుని దగ్గి, పక్కింటికి నడిచాను. ఇంటికొచ్చి అదే చేత్తో కోడలికి జడ వేశాను.

గురువారం నర్సమ్మ వచ్చింది. మా వీధిలో మూడిళ్ళలో జ్వరాలట, అందులో ఒకాయన్ని కాకినాడ పెద్దాసుపత్రిలో ఉంచారట. ఎక్కడ అంటుకుందో చూస్తోంది.

"పిన్నిగారూ, ఈ దగ్గు ఎన్నాళ్ళ నుంచండి?"

"ముప్పై ఏళ్ళ నుంచి."

ఆ అమ్మాయి నవ్వలేదు. నా చంకలో జ్వరం పుల్ల పెట్టి చూసింది. "ఈ వారం ఎవరిళ్ళకైనా వెళ్ళారా అండి?" అంది. జాబితా తెచ్చిచ్చాను. చదువుతూ మూడు పేర్ల దగ్గర పెన్నుతో గీత పెట్టింది. మూడూ నేను బొట్టు పెట్టిన ఇళ్ళే. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో ఆ అమ్మాయి తేల్చి చెప్పలేదు, నేనూ అడగలేదు. "మీ కోడలుగారు ఎక్కడున్నారండి? కడుపుతో ఉన్నవాళ్ళకిది ముదిరితే ఊపిరి అందదు" అంది.

సీమంతం అంటే నలభై మంది ముత్తైదువలు వరసగా పిల్ల మొహం మీదకి వంగి, బుగ్గలకి పసుపు, మెడకి గంధం రాసి, చేతులు పట్టుకుని గాజులు తొడుగుతారు. ఆపేయమన్నాను. వియ్యపురాలు ఫోన్‌లో "శుభం అనుకున్నది ఆపితే కీడు వదినగారూ" అని ఏడ్చింది. "పిల్ల ఊపిరి ఆగితే అది శుభమా?" అన్నాను. అలా అనకూడదని తెలుసు. కానీ ఆ పూట నాకు మెత్తటి మాట దొరకలేదు. నర్సమ్మ ఆ కాగితమే పట్టుకుని, ఎవరికైనా జ్వరముందా అని అడుగుతూ, ఆదివారం రావద్దని చెబుతూ నలభై ఇళ్ళూ తిరిగింది.

కోడలికి అంటకూడదని నేను పెరట్లో, ఆ పిల్ల గది గోడని ఆనుకున్న కట్టెల కొట్లో పడుకున్నాను. శుక్రవారం పొద్దున్నే కోడలికి జ్వరం తగిలింది. నర్సమ్మ పరుగున వెళ్ళి మధ్యాహ్నానికల్లా ఆసుపత్రి నుంచి మాత్రలు తెచ్చి మింగించింది. ఊపిరి ఎగపోస్తే ఒక్క క్షణం ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళమంది. మా అబ్బాయి ముక్కుకీ నోటికీ గుడ్డ కట్టుకుని గుమ్మంలో కూర్చున్నాడు, ఆటోని వాకిట్లోనే ఆపి ఉంచాడు. మధ్య గోడకి చెవి ఆనించి నేను వింటూ కూర్చున్నాను. దగ్గు వినిపిస్తే భయం, వినిపించకపోతే ఇంకా భయం. ఆదివారం ముహూర్తం దాటింది. సోమవారం పొద్దున కిటికీలోంచి నీరసంగా "అత్తయ్యా, దువ్వెన ఎక్కడ పెట్టేశారండి? తలంతా చిక్కు" అంది. చూరు వైపు చెయ్యి చూపించాను. తనే దువ్వుకుంది. తరవాత పెట్టెలో గాజులు తీసి తనే తొడుక్కుని, గలగలలాడించి నాకు వినిపించింది.

అప్పుడు దాని కడుపులో ఉన్న పిల్ల ఇప్పుడు నాకంటే పొడుగు. నిన్న ఆ ఆవిడ వెళ్ళాక "అంత కటువుగా ఎందుకన్నావు మామ్మా?" అని అడిగింది. ముప్పై ఏళ్ళు మిల్లులో దగ్గుతూనే బతికాను. దగ్గుని వినడం నేర్చుకున్నది మాత్రం ఆ గోడ పక్కన కూర్చున్న మూడు రోజుల్లోనే.