అబ్దుల్లా తవ్వించిన నుయ్యి

విజయవాడ వన్‌టౌన్‌లో దర్జీ మునీర్ కొట్టు ముందు ఏటా ఎండాకాలం చలివేంద్రం పెడతారు. రెండు కొత్త కుండలు, పైన బోర్డు: ‘మా నాన్నగారు అబ్దుల్లా జ్ఞాపకార్థం’. పోయినవాళ్ళ పేరన నీళ్ళు పోస్తే ఆ పుణ్యం వాళ్ళకి చేరుతూనే ఉంటుందని వాళ్ళిళ్ళల్లో నమ్మకం. మొదట్లో కింద మునీర్ తన పేరూ రాయించుకున్నాడు. తండ్రి పేరు కన్నా అంగుళం పెద్దగానే లెండి!

ఆ తండ్రే చల్లపల్లి అవతల, సముద్రం వైపు, ఎకరన్నర పొలం వదిలిపోయాడు. కరెంటు స్తంభం లేదు, బండి దారి లేదు, గట్టు మీద మైలు నడవాలి. పన్నెండేళ్ళుగా మునీర్ అటు తొంగిచూడలేదు. తొంభై అయిదులో రొయ్యల చెరువుల ఊపు మీద చెరువులు తవ్వించే రామకోటేశ్వరరావు గారు దాన్ని కౌలుకడిగారు. “ఉత్త బీడండీ, తవ్వుకోండి” అని మాటిచ్చేసి, హద్దులు చూపడానికి ఆయన వెంట బయల్దేరాడు.

తీరా చూస్తే బీడు మధ్య నుయ్యి, నుయ్యి చుట్టూ బిందెలతో ఆడవాళ్ళు. శౌరమ్మ అనే ముసలామె ఎదురొచ్చింది.

“ఎవరు బాబూ?”

“అబ్దుల్లా గారి అబ్బాయిని.”

ఆమె మొహం చాటంతయింది. “ఒసే, సాయిబుగారి కొడుకటే! చెంబు తోమి నీళ్ళు తేవే!”

నీళ్ళు కొబ్బరినీళ్ళలా ఉన్నాయి.

“చుట్టుపక్కల ఎక్కడ తవ్వినా ఉప్పే బాబూ. నాన్నగారు దగ్గరుండి తవ్వించి, అందరూ తోడుకోండన్నారు. ఏటా మేమే పూడిక తీసి, మొదటి చేద ఆయన పేరన నేలకి పోస్తాం.”

మునీర్ చెంబు కింద పెట్టాడు. నుయ్యి సంగతి తెలీక కాదు; చిన్నప్పుడు తనూ మట్టితట్ట మోశాడు. ఈపాటికి పూడిపోయుంటుందిలే అని తనకి తనే చెప్పుకున్నాడు.

“ఈ గుంట పూడ్చెయ్యాలయ్యా,” అన్నారు రావుగారు. “చెరువులో ఉప్పునీళ్ళు పెడితే ఎలాగూ ఇదీ ఉప్పే.”

చేదలు ఆగిపోయాయి.

“మీ పొలం, మీ ఇష్టం,” అంది శౌరమ్మ. “ఇంకో చెంబు తాగుతారా?”

తిట్టినా బాగుండేది.

“చెరువుకివ్వనండీ,” అన్నాడు మునీర్, తలెత్తకుండా.

“నీ మాటా జాకెట్టు కొలతేనటయ్యా, మనిషికోలా ఉండడానికి?” అన్నారు రావుగారు.

“తప్పు నాదేనండీ. బీడని అబద్ధం చెప్పాను. ఈ నేల ఇలాగే ఉండనివ్వండి.”

రావుగారు విసవిసా వెళ్ళిపోయారు. ఆ ఆడవాళ్ళ మొహాలు చూడలేక మునీర్ చేద లాక్కుని, అరచేతులు బొబ్బలెక్కేదాకా బిందెలు నింపాడు.

మర్నాడు బోర్డు మీద తన పేరుకి సున్నం పూశాడు. “అదేంటి భాయ్, పేరు చెరిపేశావ్?” అని ఎవరైనా అడిగితే కుట్టుమిషను ఇంకా గట్టిగా తొక్కేవాడు.