నాలుగడుగులు

నాకు కుళ్ళు ఎక్కువ. ఈ మాట ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గుపడను. ఆ రోజుల్లో మాత్రం దానికి న్యాయమని పేరు పెట్టుకున్నాను.

బీదర్ గంజ్ బజారులో మా మామగారికి కిరాణా దుకాణం ఉండేది. ఆయన పోయాక అన్నదమ్ములు వేరుపడ్డారు. ఊరి బయట కొత్త కాలనీలో ఆయన కొని ఉంచిన ప్లాట్లు రెండు, పక్కపక్కనే. అందులో ఒకటి మూల ప్లాటు, ఉత్తరానా తూర్పునా రోడ్డే. మా వర్తకుల ఇళ్ళలో ఈశాన్యం అంటే ప్రాణం పెడతారు. తగాదా రాకుండా చీటీలు వేసి అత్తమ్మ చేత తీయించారు. మూల ప్లాటు మా మరిదికి పోయింది, అంటే నా తోడికోడలికి. చీటీ తీసింది ఆయన కాకపోయినా, మా ఆయనతో నేను రెండు రోజులు మాట్లాడలేదు.

తరువాత ఇంటి ప్లాన్‌లు గీయించాం. రోడ్డు వైపు ఇంత, పక్కన నాలుగడుగులు, వెనక ఇంత అని ఖాళీ వదిలితేనే నగరసభ, అంటే మునిసిపాలిటీ వాళ్ళు పాసు చేస్తారు. దాన్ని సెట్‌బ్యాక్ అంటారని అప్పుడే విన్నాను. మూల ప్లాటుకు రెండు రోడ్లు కాబట్టి రెండు వైపులా రోడ్డు లెక్కనే వదలాలి. ఈశాన్యం ఈశాన్యం అని కలవరించిన మాలో ఒక్కరికీ ఇది తట్టలేదు. ఇంజనీరు పెన్సిలు గీతలు గీసి చూపిస్తే, అంత అదృష్టపు ప్లాటులోనూ చివరికి మిగిలింది మాకంటే చిన్న ఇల్లు. ఆ పూట నేను సేమ్యా పాయసం చేశాను. ఏం పండగ అని మా ఆయన అడిగితే, పాలు మిగిలాయన్నాను.

మా ఇంట్లో కింద మూడు గదులు వచ్చాయి. వాళ్ళకు కింద హాలు, వంటిల్లు మాత్రమే. పడకలన్నీ మేడ మీద. అన్నదమ్ముల మధ్య గోడ ఎందుకని రెండిళ్ళకూ నడుమ గోడ కట్టలేదు. వాళ్ళు వదిలిన నాలుగడుగులు, మేం వదిలిన నాలుగడుగులు కలిసి సందయింది. వాళ్ళ వంటింటి కిటికీ ఆ సందులోకే ఉంటుంది.

తల్లి పెద్దకొడుకు దగ్గరే ఉండాలన్నది మాలో ఆనవాయితీ. అత్తమ్మ మా ఇంట్లోనే ఉండేది. కాపురానికొచ్చిన దగ్గర్నుంచి ఇరవై రెండేళ్ళు ఆమెకు నేను లోటు చేయలేదు. స్నానానికి వేడినీళ్ళు నేనే తోడిపెట్టేదాన్ని. పల్చటి జొన్నరొట్టె పెనం మీంచి నేరుగా ఆమె కంచంలోకే వెళ్ళేది. ఒక్కటే తినేది, చెయ్యి కడుక్కునేది. అదే భాల్కి ఊరి నుంచి వచ్చిన నా తోడికోడలు మందంగా, ఒక పక్క మాడ్చి కాల్చిన రొట్టె పెడితే రెండోది అడిగి మరీ తినేది. పొరుగింటి పుల్లకూర రుచి అని పైకి నవ్వేసేదాన్ని. వాళ్ళిద్దరూ నవ్వుకుంటుంటే ఆ నవ్వు నా మీదే అనుకునేదాన్ని.

కొత్తిళ్ళకు మారి ఏడాదైనా కాకముందే తోడికోడలు ఒక కాగితం పట్టుకుని వచ్చింది. వాళ్ళ వంటింటి వెనక ఆరడుగుల చోటు ఉందట. పక్కన వదిలిన నాలుగడుగులు కూడా కలుపుకోనిస్తే కింద ఒక గది లేస్తుందట. మినహాయింపు కోసం అర్జీ పెట్టుకున్నారు. పక్కింటివాళ్ళు తమకు అభ్యంతరం లేదని రాసిస్తే చూస్తామని ఆఫీసులో చెప్పారట.

ఆ గది ఎవరికని అడిగాను.

"అత్తమ్మకే అక్కా. మెట్లెక్కలేకపోతాంది. మాతానే ఉంటానంటాంది," అంది.

అంతవరకూ నాకు తెలియదు. మా ఇంట్లో కింద గది, మంచం, కొత్త పరుపు అన్నీ ఉన్నాయి, మెట్లెక్కే పనే లేదు. అయినా అత్తమ్మ వెళ్ళిపోతానంటోంది. ఇల్లు మా ఆయన పేరు మీద ఉంది గానీ, సంతకం నా చేతుల్లో ఉందని నాకు తెలుసు. నేను వద్దంటే మా ఆయన పెట్టడు. మా ఇంటికి గాలి, వెలుతురు ఆగిపోతాయని చెప్పి పంపేశాను. అంతటితో ఆగలేదు. మా ఆయన చేత నగరసభకు అభ్యంతరమంటూ తకరారు కూడా రాయించాను.

టేపు పట్టుకుని ఆఫీసు మనిషి వచ్చాడు. ఆ సందులో నుంచుని నా కిటికీలు ఎంతెంత చీకటవుతాయో అతనికి కన్నడంలో వివరించాను. బడిలో నేర్చిన కన్నడం అన్నాళ్ళకు అక్కరకొచ్చింది. పది, పదిహేను రోజుల్లో వాళ్ళ అర్జీ కొట్టేశారు. అత్తమ్మ ఇక నా దగ్గరే ఉంటుందని ఆ పూట కడుపునిండా తిన్నాను.

మరునాడు పొద్దున అత్తమ్మ పీట తీసుకుని సందులోకి వెళ్ళింది. తోడికోడలి వంటింటి కిటికీ కింద వేసుకుని కూర్చుంది. తోడికోడలు కిటికీలోంచి చాట అందిస్తే ఎల్లిగడ్డ పాయల పొట్టు తీసింది, పప్పులో రాళ్ళేరింది. మధ్యాహ్నం తిండికి లోపలికి వచ్చి, మళ్ళీ అక్కడికే పోయింది. అది మొదలు రోజూ అంతే. వానొస్తే మా చూరు కిందికి పీట జరుపుకునేది గానీ లోపలికి వచ్చేది కాదు.

నెలరోజులు చూసి చూసి, ఒకరోజు అడిగేశాను.

"నేనేం తక్కువ చేసిన అత్తమ్మా?"

ఆమె చేతిలో పని ఆపలేదు.

"తక్కువేం చెయ్యలె బిడ్డా. నీ ఇంట్ల నన్ను సుట్టాన్ని చూసినట్టు చూస్తవు. ఆమె నాకు పని చెప్తది."

కొరడాతో కొట్టినా అంత నొప్పి ఉండేది కాదు. ఇరవై రెండేళ్ళలో ఆమెను ఒక గిన్నె ముట్టుకోనివ్వలేదు నేను. అదే గొప్పనుకున్నాను. లోపలికి వెళ్ళి మా డబ్బాలోని ఎల్లిగడ్డలన్నీ చాటలో పోసుకొచ్చి ఆమె ముందు పెట్టాను. కాస్త పొట్టు తీసిపెట్టమని అడిగాను. అలా అడగడం నాకు అదే మొదటిసారి.

అత్తమ్మ చాట వంక చూసింది, నా వంక చూసింది. ముఖంలో కోపం లేదు.

"ఇయ్యాల ఆమెవే మస్తున్నయి బిడ్డా. రేపు ఇయ్యి," అని నా చాటను పక్కకు జరిపింది.