టాపు లేవని కారు

సింగపూర్ మొత్తమ్మీద వీరభద్రరావు గారు అనుమానించనిది ఒక్కటే, తన అనుమానాన్ని. వాన, ఎండ, మైనా పిట్టలు, పక్క ఫ్లాటు పిల్లలు, పై అంతస్తుల వాళ్లు, కారు కడిగే నీళ్లు, ఇవన్నీ ఆయన దృష్టిలో నేరం చేసేసినవే. దొరకడమే తరువాయి.

ఇందులో ఆయన తప్పేమీ లేదంటుంది ఆయన భార్య కాత్యాయని. రాఫెల్స్ ప్లేస్‌లో ఒక బ్యాంకులో మోసాలు పట్టుకునే విభాగంలో జుట్టంతా రాలిపోయేదాకా పనిచేశారాయన. అక్కడ అనుమానించినందుకు జీతం, ఎక్కువ అనుమానించినందుకు ప్రమోషను. "రిటైరైన రోజున వాళ్లు కుర్చీ ఉంచుకున్నారు, కంప్యూటరు ఉంచుకున్నారు. అనుమానం మాత్రం ఈయనతో ఇంటికి పంపేశారు" అని ఆవిడ అందరికీ చెప్పేది.

అలాంటి మనిషి దగ్గర టాపు తీసే కారు ఉందంటే ఎవరూ నమ్మరు. టాంపినీస్‌లో వాళ్ల బ్లాకు పక్కనున్న పార్కింగ్ బిల్డింగులో, మూడో అంతస్తులో, స్తంభం పక్కన ఉంటుందది. ముదురు నీలం రంగు జర్మనీ కారు. పైన రేకు బదులు మందపాటి గుడ్డ టాపు. మీట నొక్కితే ఆ గుడ్డ పైకి లేచి, మడత పడి, వెనక అరలోకి వెళ్లి దాక్కుంటుంది. అలాగని కంపెనీ వాళ్లిచ్చిన పుస్తకంలో ఉంది. కళ్లారా చూసినవాళ్లు మాత్రం లేరు.

దాన్ని కొనడం కూడా అనుమానం వల్లే జరిగింది. పదేళ్ల కిందట షోరూములో సేల్స్ కుర్రాడు మర్యాదగా, "అంకుల్, ఇది యంగ్ పీపుల్ కొనే కారు. మీకు ఆ పెద్దది చూపించనా?" అన్నాడు. వీరభద్రరావు గారు భార్య చెవి దగ్గరికి వంగి, "వీడు దీన్ని ఎవరికోసమో దాస్తున్నాడు కాత్యాయనీ" అన్నారు. అక్కడికక్కడే సంతకం పెట్టేశారు.

ఆ రోజు నుంచి ఆయన పొద్దున్నే కారు దగ్గరికి వెళ్లడం, పోలీసులు నేరం జరిగిన చోటికి వెళ్లినట్టు ఉండేది. తొడుగు తీసి, వంగి, ఒక కన్ను మూసి, రంగు మీద వెలుతురు పడే వైపు నుంచి చూసి, ఇంటికొచ్చి కాఫీ ముందు కూర్చుని ఒకటే మాట.

"ఎవరో చెయ్యి వేశారు."

"ఎవరండీ?"

"అదే తేలాలి."

తేల్చడానికి ఆయన దగ్గర పద్ధతులుండేవి. డిక్కీ సందుకి అడ్డంగా ఒక తల వెంట్రుక అంటించేవారు, ఎవరైనా తెరిస్తే తెగుతుందని. ఆ సరుకు తన నెత్తిన లేదు కాబట్టి కాత్యాయని దువ్వెనలోంచి తీసుకునేవారు. "జుట్టు ఊడిపోతోందని నేనేడుస్తుంటే మీకు స్టాకు వచ్చినట్టుందే!" అని ఆవిడ దువ్వెన లాక్కునేది. 

వెంట్రుకతో పని జరగకపోతే ముగ్గుపిండి. చక్రాల చుట్టూ పల్చగా చల్లితే దొంగ అడుగులు పడతాయి. అక్కడ ఊడ్చే చైనా ముసలావిడ అదేదో పూజనుకుని, దండం పెట్టి, పక్కనుంచి ఊడ్చుకుపోయేది. ఆ దండం కూడా ఆయనకి నచ్చలేదు. "అంత మర్యాద ఎందుకట? ఏదో చేసే ఉంటుంది."

హాకర్ సెంటర్లో బల్ల మీద టిష్యూ ప్యాకెట్ పడేసి వెళ్తే ఆ బల్ల మనదే. దాన్ని ఇక్కడ చోప్ చేయడమంటారు. పక్క కారు తలుపు తన కారుకి తగులుతుందని అనుమానం వచ్చి, వీరభద్రరావు గారు ఒకసారి పక్క పార్కింగ్ గడిని కూడా టిష్యూ ప్యాకెట్‌తో చోప్ చేశారు. సాయంత్రానికి ఆ గడిలో ఒక వ్యాను, దాని టైరు కింద ప్యాకెట్. "చూశావా, సాక్ష్యం మీదకే ఎక్కించాడు" అన్నారాయన.

సర్వీసుకి ఇస్తే మడత కుర్చీ పట్టుకెళ్లి మెకానిక్ ఎదురుగా కూర్చునేవారు. "అంకుల్, గో మకాన్ లా" అని వాడు జాలిపడి భోజనానికి పొమ్మంటే, "నన్ను పంపేసి ఏం చేస్తావు?" అని తెలుగులో అడిగేవారు. వాడికి తెలుగు రాకపోయినా ఆ చూపు అర్థమయ్యేది.

ఇంతా చేసి ఆ టాపు తీసేవారా అంటే, అదీ లేదు. కారు వచ్చిన కొత్తలో కాత్యాయని ముచ్చటపడి అడిగింది.

"ఒక్కసారి టాపు తీసి చాంగీ బీచ్ దాకా తీసుకెళ్లండి."

"వానొస్తే?"

"మబ్బు కూడా లేదు కదండీ."

"అదే నా అనుమానం. ఇంత శుభ్రంగా ఎందుకుంది ఆకాశం?"

వాన కాకపోతే ఎండ, ఎండ కాకపోతే మైనాలు, అవీ కాకపోతే పదకొండో అంతస్తులో బట్టలారేసే ఆవిడ. అడిగి అడిగి కాత్యాయని మానేసింది. ఆయన మాత్రం నెలనెలా ఆ గుడ్డని మెత్తటి బ్రష్షుతో దులిపి, వాన నీరు దిగకుండా మందు పూసి, రబ్బరు అంచులకి గ్రీజు రాసి, ఎగరని విమానానికి రెక్కలు తుడిచినట్టు తుడుస్తూనే ఉన్నారు.

సింగపూర్‌లో కారు కొనుక్కుంటే సరిపోదు. దాన్ని రోడ్డు మీద ఉంచడానికి సీఓఈ అని పదేళ్ల అనుమతి కూడా కొనుక్కోవాలి. అది అయిపోతే మళ్లీ కొనాలి, లేదంటే కారుని వదులుకోవాలి. వీరభద్రరావు గారి కారుకి ఆ గడువు దగ్గర పడింది. కాత్యాయని కాఫీ ముందు కూర్చోబెట్టి తేల్చి చెప్పేసింది.

"ఆ టాపుకి ఒక్క పని పడిందని చూపించండి, కారు ఉంచుకుందాం. లేకపోతే ఈ నెలాఖరుకి పంపేద్దాం. ట్రైను ఇంటి ముందే ఉంది."

ఆయన కప్పులోకి చూస్తూ, "సరే. నెలాఖరు కానీ" అన్నారు.

వాదించలేదు! ట్రైను మీద అయినా అనుమానం పడలేదు! ఇంత సంసారంలో మొట్టమొదటిసారి ఆవిడకే అనుమానం వచ్చింది.

ఒకసారి వచ్చాక ఇక ఆగుతుందా? ఆయన బోడి నెత్తి మీద చర్మం ఎండకి కమిలి పొరలు లేస్తోంది. టాపు తీయని కారులో తిరిగే మనిషికి నెత్తి ఎలా కమిలింది? కారులో కాళ్ల దగ్గర ఇసక కనబడింది. చెప్పులు దులపకుండా ఎక్కితే పెళ్లానికే క్లాసు పీకే మనిషి కారులో ఇసక! ఇక ఆఖరిది, డాష్‌బోర్డు అరలో ఒక నిమ్మకాయ. దాని నిండా గోళ్లతో గిచ్చిన గాట్లు.

కొత్త బండి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించడం ఆవిడకి తెలుసు. అరలో దాచిన నిమ్మకాయ మాత్రం తెలియదు. మా ఆయనకి ఎవరో మందు పెట్టారు అనుకుంది.

"ఈ నిమ్మకాయేంటండీ?"

"వాసనకి."

"సెంటు సీసా ఉందిగా?"

"అది నకిలీదని అనుమానం."

ఆ మాట అనేటప్పుడు ఆయన ఆవిడ కళ్లలోకి చూడలేదు. ఇక లాభం లేదని కాత్యాయని మర్నాడు, మంగళవారం, తెల్లారకుండానే డబ్బాలోంచి ముగ్గుపిండి తీసుకుని, కారు చుట్టూ చల్లి వచ్చింది. మధ్యాహ్నం వెళ్లి చూస్తే, డ్రైవరు తలుపు దగ్గర ఆయన బూట్ల గుర్తులు. రెండో తలుపు దగ్గర, కృష్ణాష్టమికి గుమ్మంలో వేసినట్టు, చిన్న చిన్న ఉత్త పాదాలు.

ఆడమనిషి. చెప్పులు కూడా లేకుండా వచ్చింది.

తర్వాతి మంగళవారం ఆయన, "పళ్ల డాక్టరు దగ్గరికి బస్సులో వెళ్తున్నా" అని బయల్దేరారు. కాసేపాగి ఆవిడ మళ్లీ ముగ్గుపిండి పట్టుకుని పార్కింగుకి వెళ్లి చూసింది. కారు లేదు. ఆ ఖాళీ గడిలోనే పిండి చల్లేసింది. ఎవరితోనైనా చెప్పుకోకపోతే గుండె పగిలేటట్టుంది. కింద అంతస్తులో ఉండే శ్రీనాథ్ వాళ్ల అమ్మ రత్తమ్మ గుర్తొచ్చింది. ఉప్పాడ మనిషి, మంచీచెడ్డా తెలిసిన పెద్దావిడ. వెళ్లి తలుపు తట్టింది. శ్రీనాథ్ కూతురు వర్షిత తలుపు తీసింది. స్కూలు సెలవులు.

"నానమ్మ ఉందా వర్షితా?"

"లేదు ఆంటీ. నానమ్మ లేచిపోయింది."

"ఏంటీ?"

"లేచిపోయింది లా. వీరభద్రరావు అంకుల్‌తో. ఎవ్రీ ట్యూస్‌డే లేచిపోతుంది."

కాత్యాయని లోపలికి తొంగిచూసింది. "లేచిపోయి... ఎక్కడికెళ్తుందే?"

"డోంట్ నో. బట్ లంచ్‌కి వచ్చేస్తుంది."

లోపలి గదిలో ఆఫీసు మీటింగులో ఉన్న శ్రీనాథ్ చెవిలోని యంత్రం లాక్కుని పరిగెత్తుకొచ్చాడు. "వర్షితా! ఏం మాటే అది? అర్థం తెలుసా నీకు?"

"యెస్ డాడీ. లేచి, పోయింది. గాట్ అప్, వెంట్. కరెక్టే కదా?"

లోపల లాప్‌టాప్‌లోంచి తెలుగొచ్చినవాళ్లెవరో పొలమారి దగ్గడం వినిపించింది. మైకు కట్టేయడం శ్రీనాథ్ మర్చిపోయాడు.

"అయినా మా అమ్మ అలా ఎలా వెళ్తుంది ఆంటీ? మోకాళ్ల నొప్పులని నా కారే ఎక్కదు!"

"మా ఆయన టాపే తియ్యడు బాబూ. ఎవరు ఏం చేస్తారో ఎవరికి తెలుసు!" అంది కాత్యాయని. ముగ్గురూ వెళ్లి పార్కింగులో స్తంభం వెనక నిలబడ్డారు.

ఎంతోసేపు కాలేదు. నీలం కారు మలుపు తిరిగి పైకి వచ్చింది. మీద టాపు లేదు! వీరభద్రరావు గారి నెత్తి ఇత్తడి చెంబులా మెరుస్తోంది. పక్క సీట్లో రత్తమ్మ. ముడి ఊడి, తెల్ల జుట్టు గాలికి నాలుగు దిక్కులకీ లేచి, ముఖమంతా నవ్వు, ఒళ్లో చెప్పులు. ఆయన కారాపి మీట నొక్కారు. వెనక అరలోంచి గుడ్డ బయటికి వచ్చి, విచ్చుకుని, గొడుగులా ముందుకి వాలింది.

"అబ్బ, ఎంత బాగుందో!" అనేసింది కాత్యాయని. ఆ వెంటనే కోపం గుర్తొచ్చి ఎదురుగా వచ్చి నిలబడింది. "పళ్లు పీకించుకోవడం అయిందా?"

ఆయన చూపు మాత్రం నేల మీదికి పోయింది. "ఇక్కడ మళ్లీ ఎవరో ముగ్గు చల్లారు!"

"నేనే."

"నా మీదా?"

"మరి ఎవరి దగ్గర నేర్చుకున్నాననుకున్నారు?"

రత్తమ్మ కంగారుగా కారు దిగింది, ఉత్త కాళ్లతోనే. "అమ్మాయ్, ఆ బాబుని ఏటీ అనకు. తప్పంతా నాదే" అంది. ఆ తర్వాత కొడుకు వైపు తిరిగింది. "నీకు సెప్పొద్దని నేనే ఒట్టేయించుకున్నాను శ్రీనూ. అమ్మ కోసవని అంత పెద్ద కారు కొన్నావు. ఎక్కి తలుపేసి ఆ ఏసీ పెట్టేసరికి నాకు కడుపులో దేవేత్తాది. బస్సంతే, రైలంతే. పుట్టి బుద్దెరిగాక పడవలూ ట్రాక్టర్లే ఎక్కినదాన్ని. నీ కారు నాకు పడదని నీ మొకం మీద ఎలా సెప్పనురా? అందుకే మోకాళ్లన్నాను."

శ్రీనాథ్ తల్లినీ, ఎదుటి వరసలో తళతళలాడుతున్న తన పెద్ద కారునీ మార్చి మార్చి చూశాడు. "అమ్మా, నాతో ఒక్క మాట..." అన్నాడు.

"మరి మీకెలా తెలిసింది?" కాత్యాయని మొగుణ్ణి నిలదీసింది.

"అనుమానం వచ్చింది" అన్నారాయన. "ఒకరోజు ఈవిడ నా కారు మీద చెయ్యి వేసి నిలబడి ఉంది. లిఫ్టు ఉండగా మెట్లెక్కి వచ్చింది. మోకాళ్ల నొప్పులున్న మనిషి మెట్లెందుకు ఎక్కినట్టు?"

"అడిగాడమ్మా!" అంది రత్తమ్మ. "ఎందుకు ముట్టుకున్నావు, ఎవరు పంపారు అని అడిగి అడిగి నా సేత అంతా కక్కించేశాడు. ఈ బండికి టాపు తీత్తారంట కదా బాబూ అన్నాను. రేపు రా అక్కా అన్నాడు. నిమ్మకాయ సేతిలో ఎట్టుకుని ఎక్కాను. ఇప్పుడు దాంతో పని లేదు. సముద్రం కాడ కూకుంటాం, ఓడలు సూత్తాం, వచ్చేత్తాం. ఈ బాబు ఆ ఓడల్ని కూడా నమ్మడు. ఆటిలో ఏటుందో అంటాడు."

కాత్యాయనికి నవ్వొచ్చింది. కానీ ఒకటి మిగిలిపోయింది. "టాపుకి ఒక్క పని చూపించండి, కారు ఉంచుకుందాం అన్నాను కదా. అప్పుడైనా చెప్పొచ్చుగా?"

"ఒట్టు వేశాను. చెబితే శ్రీనాథ్‌కి తెలుస్తుంది." ఆయన కారు మీద లేని దుమ్ము తుడిచారు. "పోతే కారే కదా పోయేది అనుకున్నాను."

మైనా వాలితే తుపాకీ గుండు తగిలినట్టు గింజుకునే మనిషి ఆ మాట అన్నాడు.

"అదొక్కటేనా?" అంది కాత్యాయని.

"ఇంకోటి కూడా ఉంది. ఇన్నేళ్లూ నిన్ను ఎక్కించుకోకుండా, అక్కయ్యగారిని ఎక్కించుకున్నానంటే నువ్వు ఊరుకోవేమోనని చిన్న అనుమానం."

"అది అనుమానం కాదండీ, గ్యారంటీ" అంది కాత్యాయని.

నెలాఖరు లోపల సీఓఈ కొత్తది వచ్చింది. కాగితం ముందుకీ వెనక్కీ తిప్పి, దీపానికి అడ్డంగా పెట్టి చూసి, "అసలుదేనంటావా?" అన్నారాయన.

ఆ ఆదివారం మళ్లీ చాంగీ ప్రయాణం. ముందు సీటు రత్తమ్మది. ఇరుకు వెనక సీట్లో కాత్యాయని, వర్షిత. "నా సంగతేంటమ్మా?" అని శ్రీనాథ్ అడిగితే, "నీ కారు అద్దాలన్నీ దించుకుని ఎనకాల రా. వచ్చేప్పుడు నీదాంట్లో ఎక్కి సూత్తాను" అంది రత్తమ్మ. వీరభద్రరావు గారు తొడుగు తీసి, వంగి, ఒక కన్ను మూసి చూశారు.

"ఎవరో చెయ్యి వేశారు."

"నేనే వేశాను, ఎక్కండి" అంది కాత్యాయని, జుట్టు ఎగరకుండా స్కార్ఫు కట్టుకుంటూ.

ఆకాశం మరీ శుభ్రంగా ఉంది. ఆయన దాన్ని ఒకసారి కోపంగా చూసి, మీట నొక్కారు. అప్పుడే కారు దిగుతున్న పై అంతస్తు పరంధామయ్య గారు ఆ గుడ్డ లేవడం చూసి నోరు తెరిచి నిలబడిపోయారు.

"ఎక్కడికమ్మా అందరూ?"

వర్షిత చెయ్యి ఊపింది. "అంకుల్, మేమందరం లేచిపోతున్నాం!"

ఆ మాట సరిదిద్దడానికి కాత్యాయని నోరు తెరిచింది. ఈలోగా గాలి వచ్చి ముఖానికి తగిలింది. ఇక దిద్దలేదు.