కాకుమాను పిన్ని పాలల్లో యూరియా

చదువు కొత్తగా తలకెక్కిన ఆ రోజుల్లో నాకు ఊరంతా శాంపిల్ లాగే కనిపించేది. తొంభైల మొదట్లో బాపట్లలో రీసెర్చి వెలగబెడుతున్నాను. ప్లాటినం తీగ మీద కరెంటు పారే ప్లాస్టిక్ పొరను పల్చగా, ఆకుపచ్చగా వేసి, పుచ్చగింజల నుంచి తీసిన ఎంజైమును అందులో ఇరికించడం నా పని. యూరియా తగిలితే ఆ ఎంజైము దాన్ని అమ్మోనియాగా మారుస్తుంది, పొరలో కరెంటు తగ్గుతుంది, మీటరు ముల్లు పడిపోతుంది. (పుచ్చకాయలు కొన్నది మా సార్, గుజ్జు తిన్నది నేను. పరిశోధనలో నేను బాగా చేసిన పని అదొక్కటే.) మూడేళ్లకి ముల్లు నా మాట విన్నది. ఆ వారమే తీగా మీటరూ సంచిలో వేసుకుని, తెనాలిలో రేపల్లె రైలు మారి, మా ఊళ్లో దిగాను.

పాలు చిక్కగా కనపడాలని యూరియా కలుపుతున్నారని అప్పట్లో అందరూ చెప్పుకునేవాళ్లు. మర్నాడు పొద్దున్నే పాలకేంద్రంలో బల్ల మీద మీటరు పెట్టాను. వరసలో ముందున్నది కాకుమాను పిన్ని. (కాకుమాను నుంచి కోడలిగా వచ్చింది, ఊరందరికీ పిన్నే.) భర్త పోయాక రెండు గేదెల మీద ఇల్లు నడుపుకొస్తున్న మనిషి. ఆవిడ పాలల్లో తీగ ముంచగానే ముల్లు జారింది. నేను పెద్ద డాక్టరు మొహం పెట్టి, యూరియా ఉందండి, అన్నాను. గుమాస్తా ఆవిడ పాలు వద్దన్నాడు, రేపట్నుంచి కూడా తేవద్దన్నాడు.

"నేను కలపలేదు నాయనా" అని ఒక్కసారి అని, పిన్ని క్యాను నెత్తిన పెట్టుకుని వెళ్లిపోయింది. నా ఛాతీ మాత్రం రెండంగుళాలు పెరిగింది.

ఈ ఘనకార్యం అమ్మకి చూపిద్దామని, మిగతా క్యాన్లు చూడకుండానే ఇంటికెళ్లి మా గేదె పాలల్లోనూ ముంచాను. ముల్లు పిన్ని పాలకన్నా కిందికి పోయింది. కడిగి మళ్లీ ముంచాను, మళ్లీ అంతే. మా అమ్మ మిషన్ స్కూల్లో టీచరు, సండేస్కూల్లో పిల్లలకి అబద్ధమాడకూడదని చెప్పే మనిషి. "అయితే నేను కలిపానంటావా?" అంది. సంచి దగ్గరికి పరుగెత్తాను. పుస్తకం తిరగేస్తే అసలు సంగతి దొరికింది. కల్తీ లేని పాలల్లోనూ కొంత యూరియా ఉంటుంది, పిల్లిపెసర లాంటి మేత మేస్తే ఇంకాస్త ఎక్కువ ఉంటుంది. ఆ నెలంతా ఊళ్లో గేదెలన్నీ మేసింది పిల్లిపెసరే. (లాబ్‌లో నేను ముంచిందంతా నీళ్లలో కలిపిన యూరియాలోనే. నా తీగ పాల మొహం చూడటం అదే మొదలు.)

ఎవరికీ చెప్పకుండా బాపట్ల రైలెక్కుదామా అని ఒక పూటంతా ఆలోచించాను. అందరి ముందు అన్నావుగా, అందరి ముందే చెప్పి రమ్మంది అమ్మ. మర్నాడు కేంద్రంలో ప్రతి క్యానులోనూ తీగ ముంచి, అన్నిట్లోనూ ముల్లు జారడం చూపించి, తప్పు నాదేనని చెప్పాను. జనం పడీ పడీ నవ్వారు. పిన్ని పాలు తెమ్మని గుమాస్తా కబురు పెట్టాడు. ఆ కబురు నేనే మోసుకెళ్లాను.

పిన్ని గేదెకి మేత వేస్తూ అంతా విన్నది. "కలపలేదని నిన్ననే చెప్పాను గదా నాయనా. నా మాటకి మీ అమ్మ గేదె సాక్ష్యం కావాల్సొచ్చిందా?" అంది.

ఇప్పుడు నా దగ్గరున్న పరికరాలు ఆ తీగకన్నా వెయ్యి రెట్లు నయం. వాటిలో దేన్నీ ఆ కుర్రాడు తన ముల్లుని నమ్మినంతగా నేను నమ్మను. వాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. పిన్ని అడిగింది తలుచుకుంటే మాత్రం ఇప్పటికీ తలొంచుకుంటాను.