అద్దకం షెడ్డు మీద గది

కీబోర్డులు వచ్చాక అనంతపురంలో మా ఆర్కెస్ట్రా నన్ను పిలవడం మానేసింది. పిల్లలకు వయొలిన్ నేర్పుకుని బతుకుదామని బందరు వచ్చాను. నా సాధన భరించలేక అప్పటికే ఇద్దరు ఇంటివాళ్లు ఖాళీ చేయించారు. మూడోది కలంకారీ అద్దకం షెడ్డు మీద గది. కింద పనివాళ్లు రంగులో ముంచిన చెక్క అచ్చును బట్ట మీద పెట్టి పిడికిలితో గుద్దుతుంటారు.

మొదటిరోజు పొద్దున్నే హుషారుగా వాయిస్తుంటే కింద చప్పుడు ఆగిపోయింది. మెట్ల మీద అడుగులు వినపడ్డాయి. ఈ గది కూడా పోయిందనుకున్నాను.

తలుపు దగ్గర షెడ్డు మేస్త్రి నిలబడ్డారు. చేతుల నిండా ఎర్ర రంగు.

"ఆపేస్తానండీ," అన్నాను ముందే.

"అయ్యో, ఆపొద్దండీ! మావాళ్ల చేతులు మీ పాట వెంట పరిగెడుతున్నాయి. పువ్వు మీద పువ్వు పడి దుప్పటి పాడైపోయింది. పొద్దుటిపూట సన్నపని కదండీ, కాస్త నిదానంగా వాయించండి. భోజనాలయ్యాక పెద్ద పువ్వులే, అప్పుడు మీ ఇష్టం."

ఆయన దిగి వెళ్లాక నిదానంగా మొదలుపెట్టాను. కింద గుద్దులు ఒక్కొక్కటే వచ్చి కలిశాయి. ఆర్కెస్ట్రాలో పదేళ్లూ నేనే డ్రమ్ము వెంట పడి వాయించాను. ఈ గదిలో మొదటిరోజే పన్నెండు పిడికిళ్లు నా వెంట నడిచాయి.