పర్వాలేదు అనే మనిషి

మా ఆయన రాజ్‌కిరణ్ నోటి వెంట పొగడ్త రాదు. పెళ్ళిచూపులయ్యాక అమ్మాయి ఎలా ఉందని వాళ్ళక్క అడిగితే "పర్వాలేదు" అన్నారట. ఆ సంగతి ఆవిడే పెళ్ళయిన వారంలో నాకు చెప్పి పకపకా నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఆయనది నరసరావుపేట. వాళ్ళ నాన్నగారు లెక్కల మాస్టారు. ఈయన ఎంసెట్‌లో మెడికల్ సీటు వచ్చే ర్యాంకు తెచ్చుకుని ఇంటికొస్తే, ఆ మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ "పర్వాలేదురా" అన్నారట. ఇంట్లో అంతకు మించిన మాట లేదు. మా ఆయన ఇప్పటికీ ఆ ముక్క చెప్పేటప్పుడు గొంతు సవరించుకుంటారు.

ఇంగ్లండులో లీడ్స్‌కి వచ్చి ఎముకల వార్డులో చేరిన కొత్తలో ఒకరోజు ఇంటికొచ్చి తెగ మురిసిపోయారు. తుంటి విరిగిన ముసలాయనను ఎలా ఉందని అడిగితే "నాట్ బ్యాడ్, డాక్టర్" అన్నాడట. "వీళ్ళంతా మా నరసరావుపేట వాళ్ళే గిరిజా!" అన్నారు. పేషెంట్లకు ఆయనంటే ఇష్టం. ఆపరేషన్ మర్నాడు పొద్దున్నే వచ్చి పక్కన కూర్చునే డాక్టరు. ఇంట్లో కూడా ఆయన చెడ్డవారేమీ కాదు. బిర్యానీ బాగుంటే మూడోసారి వడ్డించుకుంటారు. కానీ మాట మాత్రం అదే.

మా అపూర్వ లీడ్స్‌లోనే పెరిగింది. తెలుగు అర్థమవుతుంది, జవాబు ఇంగ్లీషులో వస్తుంది. ఎనిమిదో ఏట స్విమ్మింగ్‌లో చేర్చాం. పన్నెండో ఏట బ్యాక్‌స్ట్రోక్ చేస్తూ గోడ దగ్గర బోర్లా తిరగబోయి లెక్క తప్పి ముందు పన్ను విరగ్గొట్టుకుంది. హెడింగ్లీలో ఒక డెంటిస్టు గంటసేపు కూర్చుని ఆ పన్నును మళ్ళీ కట్టింది. అపూర్వ చేతిలో అద్దం పట్టుకుని ఆవిడ చేసే ప్రతి పనినీ చూసింది. అప్పటి నుంచి డెంటిస్టునే అవుతానంటుంది, ఈత మానననీ అంటుంది. కొత్త పన్ను చూసి వాళ్ళ నాన్న ఏమన్నారో చెప్పక్కర్లేదు.

2017 శీతాకాలంలో, పదకొండో తరగతిలో ఉండగా, ఎ-లెవెల్స్, అంటే మన ఇంటర్ లాంటి చదువు, ఏ కాలేజీలో చదవాలన్న గొడవ మొదలైంది. ఒకటి మాకు దగ్గర్లోని పెద్ద కాలేజీ. ఏటా బోలెడుమంది మెడిసిన్‌కీ డెంటిస్ట్రీకీ వెళ్తారు. కానీ సరిగ్గా ఈత ప్రాక్టీస్ ఉండే పొద్దున్న పూటే లాబ్‌లు. ఈత సంగతి అడిగితే "వీకెండ్‌లో చూసుకోవచ్చు" అన్నారు. రెండోది ఊరికి అవతల ఒక చిన్న కాలేజీ. అక్కడ పూల్ ఉంది. పొద్దున్న ప్రాక్టీస్ అయ్యాకే కెమిస్ట్రీ, బయాలజీ క్లాసులు పెడతారు. అయితే అక్కడి నుంచి ఇన్నేళ్ళలో డెంటిస్ట్రీకి వెళ్ళింది ముగ్గురే. ముగ్గురిని చూసి దేన్నీ తేల్చలేమని సైన్సు చదివిన నాకు తెలుసు. తెలిసి ఏం లాభం, నిద్ర పట్టదు కదా.

సలహాకి గోపాల్‌రావు అంకుల్ ఇంటికి వెళ్ళాం. అంకుల్ ముప్ఫై ఏళ్ళుగా ఇక్కడ కన్సల్టెంట్ డాక్టరు. లీడ్స్‌లో తెలుగువాళ్ళ పిల్లలు ఏం చదవాలో ఆయన సోఫాలోనే తేలుతుంది.

"ఏమ్మా గిరిజా, ఈత కొట్టుకుంటూ పళ్ళు పీకుతుందా మీ అమ్మాయి?"

"రెండూ చేస్తానంటోంది అంకుల్."

"ఇన్‌స్టిట్యూషన్ పేరు ముఖ్యం తల్లీ. ఆ చిన్న కాలేజీ పేరు చెబితే నాకే తెలియలేదు, ఇంటర్వ్యూ చేసేవాడికేం తెలుస్తుంది? ఏమోయ్ రాజ్, నువ్వేమంటావు?"

"పెద్దదే మంచిదేమో. చిన్నదైనా పర్వాలేదు," అన్నారు మా ఆయన.

ఎదురుగా అపూర్వ జ్యూస్ గ్లాసు పట్టుకుని కూర్చుంది. వాళ్ళ నాన్న మొహంలోకి ఒకసారి చూసి తల దించుకుంది. కారెక్కాక నేను విరుచుకుపడ్డాను. "ఏదో ఒకటి తేల్చి చెప్పొచ్చు కదండీ! దాని జీవితం అది."

"నేను వద్దన్నానా?"

"కావాలనీ అన్లేదుగా!"

వెనక సీట్లోంచి అపూర్వ ఇంగ్లీషులో అంది. "పెద్ద కాలేజీకి పంపండి. స్విమ్మింగ్ మానేస్తా. మీ ఇష్టం."

ఎవరి ఇష్టమో ఎవరికీ తెలియకుండానే చిన్న కాలేజీ ఇంటర్వ్యూ రోజు వచ్చింది. ఆటలవాళ్ళ టైమ్‌టేబుల్‌తో సీట్లు కొద్దిగానే ఉన్నాయి. అవి ఎవరికివ్వాలో చూసేది మిసెస్ హార్‌గ్రీవ్స్. బార్న్‌స్లీ వైపు రైతు కుటుంబం ఆవిడది, ఒకప్పుడు తనూ స్విమ్మరే. చివర్లో మమ్మల్నీ లోపలికి పిలిచి ఉన్నమాట చెప్పారు. పొద్దున్నే పూల్‌కి తీసుకురావడానికి ఇంట్లోవాళ్ళు మనస్ఫూర్తిగా ఒప్పుకోని పిల్లలు, క్రిస్మస్ లోపే ఈతా చదువూ రెండిటా వెనకబడతారట. అలాంటివాళ్ళకి సీటు ఇవ్వడం మానేశారట.

"అందుకే అడుగుతున్నా అపూర్వా. నీ ఈత గురించి ఇంట్లో ఏమంటారు?"

"మమ్ కంగారు పడుతుంది. డాడ్ పర్వాలేదు అంటారు."

"అంటే?"

"ఇట్ డజన్ట్ మ్యాటర్."

మా ఆయన కుర్చీలో ముందుకు జరిగారు. "నో, నో. అంటే... నాట్ బ్యాడ్ అని."

అపూర్వ ఆయన వైపు తిరిగింది. "కాదు డాడ్. గ్లాసు పగిలితే అదే అంటారు. బస్సు తప్పిపోతే అదే. సారీ చెబితే అదే. యార్క్‌షైర్ పోటీల్లో నాకు సిల్వర్ వచ్చినప్పుడూ అదే అన్నారు."

అపూర్వ చెప్పిందాంట్లో తప్పేముంది? ఆయన చెప్పిందీ తప్పు కాదు. ఇద్దరి మధ్యా నేను కూర్చుని ఉన్నాను, రెండు అర్థాలూ తెలిసినదాన్ని, మండిపోతూ.

మిసెస్ హార్‌గ్రీవ్స్ చిన్నగా నవ్వారు. "నాట్ బ్యాడా? మా నాన్న బతికున్నన్నాళ్ళూ నాతో అంతకంటే ఎక్కువ అనలేదు." నవ్వు ఆపి మా ఆయన వైపు చూశారు. "కానీ దాని అర్థం నాకు తెలిసేది, డాక్టర్. ఈ అమ్మాయికి తెలుసా?"

ఆవిడ నా వైపు తిరిగి, పొద్దున్న ఎవరు తీసుకొస్తారని అడిగారు. నేనే అనబోతుంటే మా ఆయన అందుకున్నారు.

"ఐ విల్ చేంజ్ మై రోటా."

రోటా అంటే ఎవరికి ఏ పూట డ్యూటీ అన్న పట్టిక; హాస్పిటల్‌లో పనిచేసేవాళ్ళకి ఆ మాట బరువు తెలుసు. మేనకోడలి పెళ్ళికి కూడా ఆయన రోటా మార్పించుకోలేదు. మేనేజరు దగ్గరకెళ్ళి నాకిది కావాలని అడగడం ఆయన వల్ల కాని పని. అపూర్వ మాత్రం గోళ్ళు చూసుకుంటోంది. దానికి అది డ్యూటీ సంగతి, అంతే. చెవిలో చెబుదామని వంగి, ఆగిపోయాను. ఎన్నేళ్ళని ఈయన మాటలకి నేను అర్థం చెబుతూ తిరగాలి?

"అయితే సెప్టెంబర్‌లో కలుద్దాం," అన్నారు మిసెస్ హార్‌గ్రీవ్స్ లేస్తూ.

సీటు వచ్చిందని కారు దాకా వచ్చాకగానీ నాకు తెలిసిరాలేదు. బయట సన్నగా వాన. అపూర్వ వెనక కూర్చుని బెల్టు పెట్టుకుంది.

"సో, హౌ డిడ్ ఐ డూ, డాడ్?"

"పర్..." అని ఆయన చప్పున ఆగారు. అద్దం మీద వైపర్లు ఇటూ అటూ తిరుగుతున్నాయి. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయాను, సాయం చేయకూడదని.

"బాగా చెప్పావు," అన్నారు చివరికి. కాసేపటికి మళ్ళీ, "చాలా."

రెండు సిగ్నళ్ళు దాటాం.

"పర్వాలేదు," అంది అపూర్వ, తన లీడ్స్ యాసలో.

ఏ అర్థంలో అందో నాకు తెలియలేదు. ఆయనకీ తెలియలేదనుకుంటా. రౌండెబౌట్ దగ్గర మా ఇంటివైపు మలుపు చూసుకోకుండా దాటేసి ఇంకో చుట్టు తిరిగారు.