మేస్త్రమ్మ చేనుకు ఆఖరి వంతు

దర్శి పక్క పల్లెలో చాంద్‌బీని అందరూ కలుపు మేస్త్రమ్మ అనేవారు. పద్నాలుగు మంది ఆడవాళ్ల ముఠాని నడిపేది. ఆమె చెయ్యి పడిన మిరప సాలులో తుంగ గడ్డ ఒక్కటి మిగలదని రైతులే చెప్పుకునేవారు. అంతటి పనిమంతురాలి సొంత చేనుకు వెళ్లి చూస్తే మాత్రం ఏటా మోకాటెత్తు కలుపే. కౌలుకు చేసే ఆ ఎకరం గుర్తొస్తేనే ఆమెకు ఒళ్లు మండేది.

తప్పు ఎవరి మీదా నెట్టడానికి లేదు, దీనికి కారణమైన కట్టడి పెట్టింది తనే. పాత మేస్త్రి ముఠాని ముందు తన చేలో దించుకుని, మాటిచ్చిన రైతుల్ని రోజుల తరబడి తిప్పుకునేది. అందుకే చాంద్‌బీ ముఠాని చేతిలోకి తీసుకున్న రోజే అందరి ముందూ చెప్పేసింది, మేస్త్రి చేను ఆఖరున అని. దాంతో ముఠాకి మంచి పేరొచ్చింది. ఆమె చేను మాత్రం ఏడేళ్లుగా తుంగ పాలవుతోంది.

రెండు వేల మూడులో వానలు ఆలస్యమయ్యాయి. ఈసారైనా పంట దక్కించుకోవాలని భర్త హయాత్‌కి పదిసార్లు చెప్పింది.

"కలుపు తీయకుండా యూరియా చల్లమాక. చల్లింది చల్లినట్టు తుంగే తినేస్తది, మొక్కకేం మిగలదు."

హయాత్ తలూపాడు. రెండు రోజులు వాన కురిసి తెరిపిచ్చింది. ముఠా ముందే మాటిచ్చిన రైతు బుల్లయ్య చేలో దిగింది. అక్కడ రెండు రోజుల పని నాలుగు రోజులు పట్టింది. నాలుగో రోజు సాయంత్రం ఆమె తన చేను మీదుగా వస్తుంటే, ఖాళీ బకెట్టుతో హయాత్ ఎదురొచ్చాడు.

"చల్లేశావా? నీకు బుద్ధుందా అసలు?"

"నేల పదును ఆరిపోతుంటే చూస్తా కూర్చోనా? ఊరందరి చేలకీ పోతావు, మన చేలోకి ఏనాడన్నా అదునుకొచ్చావా?"

ఆ మాట నిజమే. అదే ఇంకా మండించింది.

వారం తిరిగేసరికి తుంగ నల్లగా, ఏపుగా లేచింది. దాని మధ్య మిరప మొక్కలు పాలిపోయి నిలబడ్డాయి. ఎంతమంది రైతులకు చెప్పింది ఈ సంగతి! కట్టుకున్నవాణ్ణి మాత్రం ఒక్కసారి ఒప్పించలేకపోయింది. ఇప్పుడైనా తుంగ పీకేస్తే సగం పంటన్నా నిలుస్తుంది. కానీ తన చేనుకన్నా ముందు ఇంకా వెంకయ్య అనే రైతు చేను వంతుంది, అది అయ్యేసరికి అదును దాటిపోతుంది. ఆ మధ్యాహ్నం అన్నాల దగ్గర చాంద్‌బీ మొదటిసారి నోరు తెరిచి అడిగింది.

"ఒక్క రోజు. రేపు మా చేలోకి పోదాం. ఎల్లుండి వెంకయ్యగారి చేను."

పాత మేస్త్రి కింద కూడా పనిచేసిన నసీమున్నీసా చెయ్యి కడుక్కుంటూ నెమ్మదిగా అంది.

"రమ్మంటే వస్తాంలే చాంద్‌బీ. ఆమె కూడా మొదట ఒక్క రోజే అడిగింది."

మర్నాడు ముఠా వెంకయ్య చేలోకే వెళ్లింది. చాంద్‌బీ మొదటి సాలు పట్టుకుంది. ఆ ఏడు ఆమె చేలో మిరప కన్నా ముందు తుంగే పూసింది.